కొలనుపాకలో కులానికో మఠం ఎందుకు?

ఆలేరులో రైలు దిగి కొలనుపాక వెళ్లేవాళ్లలో చాలామంది జైన మందిరం చూసి తిరుగు ప్రయాణం కడతారు. సోమేశ్వరాలయం దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ఊళ్లోని పాత మఠాల దగ్గర ఆగేవాళ్లు మరీ తక్కువ. నన్నడిగితే ముందు చూడాల్సినవి అవే.

ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో, 2016 దాకా నల్గొండ జిల్లాలో ఉన్న ఈ ఊరిని పాత శాసనాలు కొల్లిపాక అంటాయి. కల్యాణి చాళుక్యుల కాలంలో ఇది ఒక పెద్ద నాడుకు, అంటే పాలనా ప్రాంతానికి, ముఖ్య పట్టణం. దక్షిణాన రాజేంద్ర చోళుడు కూడా తన విజయాలు చాటే తమిళ ప్రశస్తిలో, కోటగోడల చుట్టూ చెట్లు ముసిరిన కొల్లిపాకను గెలిచానని గొప్పగా చెప్పుకున్నాడు. మామూలు పల్లెను గెలిచి ఎవరూ అలా చెప్పుకోరు కదా!

చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కొడుకు కుమార సోమేశ్వరుడు జైన అంబికాదేవికి ఒక ఊరిని దానమిచ్చినట్టు 1125 నాటి శాసనం ఉంది. విక్రమాదిత్యుడి బిరుదు త్రిభువనమల్లుడు. భువనగిరి కోటకు ఆ పేరు వచ్చింది ఆయన వల్లనే. భువనగిరి, కొల్లిపాక, ఆ పైన ఓరుగల్లు: మ్యాపులో చూస్తే మూడూ దాదాపు ఒకే దారిలో పడతాయి. నేటి రైలు మార్గం, వరంగల్ హైవే కూడా ఇంచుమించు అటే పోతాయి.

పాలకులున్న చోటికి, బాటలు కలిసే చోటికి వ్యాపారులు రాకుండా ఉండరు. చాళుక్యుల నాటి శాసనాల్లో అయ్యావళి ఐదువందల వారు, కాకతీయుల కాలంలో ఉభయ నానాదేశి పెక్కండ్రు అనే వర్తక సంఘాలు కనిపిస్తాయి. పెరిక ఎద్దుల మీద సరుకు తెచ్చేవాళ్లు, సంతల్లో సుంకం కట్టేవాళ్లు, అందులో కొంత గుడికిచ్చేవాళ్లు వీళ్లే. జైనం కూడా ఎక్కువగా ఇలాంటి వర్తకుల అండతోనే నిలబడింది.

పన్నెండో శతాబ్దం నుంచి, శివుణ్నే కొలుస్తూ కులభేదాలను కాదన్న వీరశైవం బలపడింది. ఆ మతం పంచాచార్యుల్లో ఒకరైన రేణుకాచార్యులు ఇక్కడి సోమేశ్వర లింగం నుంచే పుట్టాడని భక్తుల నమ్మకం. అలా కొలనుపాక వీరశైవులకూ క్షేత్రమైంది. ఒక్కో వృత్తికులానికి ఒక్కో మఠం వెలిసింది. పద్దెనిమిది కులాలకు పద్దెనిమిది మఠాలని చెప్పుకుంటారు. కులాన్ని కాదన్న మతానికి కులానికో మఠమేమిటని నవ్వు రావచ్చు. కానీ ఊరి సంగతి కూడా ఆ మఠాల్లోనే తెలుస్తుంది. ఇన్ని కులవృత్తుల వాళ్లు ఎవరికి వాళ్లుగా మఠం నిలుపుకోగలిగారంటే, వాళ్ల పనికి గిరాకీ ఉన్న పట్టణమే అయ్యుండాలి.

ఓరుగల్లు రాజధానిగా ఎదిగాక అధికారమంతా అటు పోయింది. కొల్లిపాక మాత్రం యాత్రాస్థలంగా మిగిలింది. జైన మందిరానికి దూర ప్రాంతాల భక్తుల అండ ఉంది; గుజరాత్, రాజస్థాన్ శిల్పులతో దాన్ని కొత్తగా తీర్చిదిద్దుకున్నారు. మఠాలకు అలాంటి అండ లేదు. వాటిని కట్టిన కులవృత్తులే చితికిపోయాయి, ఇక మరమ్మతు చేయించేదెవరు?

వెళ్లేవాళ్లు సోమేశ్వరాలయానికి కనీసం ఒక పూట కేటాయించుకోండి. అక్కడి ఆవరణలోనే పురావస్తు శాఖ సేకరించిన శిల్పాల మ్యూజియం ఉంది. అది చూశాక మఠాలకు దారి ఊళ్లోవాళ్లను అడగండి, చెబుతారు.