ఉపాధి హామీ లాభనష్టాలు: లెక్కలో దొర్లే అపోహలు, అసలు వాస్తవాలు

ఉపాధి హామీ మీద వాదనలు ఎక్కువగా బడ్జెట్ అంకె దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకాన్ని తూచాలంటే ముందు అడగాల్సింది వేరు: ఇది లేకపోతే ఆ కూలీ ఆ రోజు ఏం చేసేది, ఆ చేను ఎలా ఉండేది?

అపోహ: ఇచ్చిన కూలి అంతా కూలీకి లాభమే.

ఈ పనికి రావడం వల్ల బయట వదులుకున్న కూలిని అందులోంచి తీసేయాలి. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో రోజు కూలి 307 రూపాయలు. ఏప్రిల్‌లో ఒకామెకు బయట మూడు రోజులకోసారి 400 రూపాయల పని దొరుకుతుందనుకుందాం. సగటున రోజుకు 133 పోతుంది, నికరంగా మిగిలేది 174. నాట్ల రోజుల్లో రోజూ 450కి పిలుపు ఉంటే ఉపాధి పనికి రావడమే ఆమెకు నష్టం. అందుకే కూలీలను సర్వే చేసేటప్పుడు బయటి కూలి గురించి నెలవారీగా అడగాలి, ఏడాది సగటు పనికిరాదు. పైగా కూలి చేసిన పని కొలతల ప్రకారం పడుతుంది. గట్టి నేలలో 307 రాకపోవచ్చు. ప్రకటించిన రేటు కాదు, ఖాతాలో పడినదే రాసుకోండి.

అపోహ: ఖజానా ఖర్చే దేశానికి ఖర్చు.

కూలి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన డబ్బు. సమాజం నిజంగా కోల్పోయేది ఆమె బయట చేయగలిగిన పని (పై లెక్కలో 133), దానికి తోడు సామగ్రి, సిబ్బంది ఖర్చు. ఖజానా లెక్కే కావాలంటే, 2020-21లో దేశమంతటా సుమారు 1.11 లక్షల కోట్ల రూపాయలు, 389 కోట్ల పనిదినాలు (ఒకరు ఒక రోజు చేసిన పని ఒక పనిదినం): పనిదినానికి 285 రూపాయలు. అందులో సగటు కూలి 200 దగ్గర ఉంది. అయితే ఒక ఏడాది బకాయిలు మరుసటి ఏడాది ఖర్చులో కలుస్తుంటాయి. వాటిని విడదీయకుండా భాగిస్తే అంకె తప్పుతుంది.

అపోహ: గుంతలు తవ్వడమే, మిగిలేదేమీ లేదు.

ఈ పథకంలో తవ్వే సేద్యపు కుంటనే చూడండి. పైన 10×10 మీటర్లు, లోతు 2, గట్ల వాలు 1.5:1 (మీటరు లోతుకు పక్కకు మీటరున్నర) అయితే అడుగున 4×4 మిగులుతుంది. పట్టేది 200 కాదు, 104 క్యూబిక్ మీటర్లు. 50 మిల్లీమీటర్ల తడి ఇస్తే అర ఎకరానికి ఒక్కసారి సరిపోతుంది, ఇంకుడు, ఆవిరి పోను ఇంకా తక్కువ. కానీ వేరుశనగ ఊడలు దిగేటప్పుడు బెట్ట వస్తే ఆ ఒక్క తడే పంటను నిలబెడుతుంది. కాపాడిన దిగుబడి విలువను బెట్ట వచ్చే అవకాశంతో గుణించాలి: ఐదేళ్లలో రెండేళ్లయితే 0.4. నీరు లోపలికొచ్చే చోట ఒండ్రు ఆగే గుంత లేకపోతే కుంట త్వరగా పూడిపోతుంది. ఆయుష్షు పదేళ్లని కాగితం మీద వేసుకోకుండా, మూడేళ్ల నాటి కుంటల్లోకి దిగి పూడిక కొలవండి.

అపోహ: దీనివల్ల బయట పనులు పోతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలిని వేలిముద్ర సరిచూసి అందించే స్మార్ట్‌కార్డు చెల్లింపులను లాటరీ పద్ధతిలో ఎంచిన మండలాల్లో ముందు ప్రవేశపెట్టి పరిశీలించారు. పేద కుటుంబాల ఆదాయంలో పెరుగుదల ఎక్కువగా బయటి పనుల నుంచే వచ్చింది, ప్రైవేటు ఉపాధి తగ్గలేదు. రైతుకు కూలి ఖర్చు పెరగడం నిజం. దాన్ని నష్టం గడిలో రాయాల్సిందే, అదే మొత్తాన్ని కూలీల లాభం గడిలోనూ రాయాలి.

అపోహ: పనిదినాలు పెరిగితే పథకం బాగున్నట్టే.

కూలి 15 రోజుల్లో అందాలని 2005 ఉపాధి హామీ చట్టం చెప్పింది. దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం. 2,000 రూపాయలు ఆగితే రోజుకు ఒక రూపాయి. ఆ లోపు ఇల్లు గడవడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకు 60, అంటే రోజుకు రెండు. పరిహారం పూర్తిగా అందినా సగం వడ్డీ ఆమె మీదే పడుతుంది. దాన్ని లాభంలోంచి తీసేయాలి.