నిర్మాణ ప్రాజెక్టుల అనుమతి సమీక్ష: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫైలు అసంపూర్ణంగా ఉన్నా ముందు దాఖలు చేస్తే వరుసలో చోటు దక్కుతుంది, లోపాలను తరువాత సరిదిద్దుకోవచ్చు.

వాస్తవం: నగర ప్రణాళికా విభాగంలో ప్లాన్లను పరిశీలించిన ఇన్నేళ్లలో, దరఖాస్తుదారుల కాలాన్నీ ధనాన్నీ ఇంతగా హరించిన నమ్మకం మరొకటి నాకు కనబడలేదు. నగరం నిర్ణయం తీసుకోవలసిన గడువు సాధారణంగా దాఖలు చేసిన రోజున కాక, దరఖాస్తు సంపూర్ణమని తేలిన రోజున మొదలవుతుంది. ఈ విషయంలో తొలినాటి చట్టాలలో ఒకటైన కాలిఫోర్నియా పర్మిట్ స్ట్రీమ్‌లైనింగ్ చట్టం (1977) ప్రకారం, దరఖాస్తు సంపూర్ణమో కాదో నగరం 30 రోజులలో లిఖితపూర్వకంగా తెలపాలి. లోపాలుంటే వాటిని పేర్కొనాలి. అయితే సవరించి మళ్లీ దాఖలు చేసిన ప్రతిసారీ కొత్తగా మరో 30 రోజుల లెక్క మొదలవుతుంది.

జాప్యాన్ని తగ్గించడానికి ఇప్పుడు జోనింగ్ (ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో చూసేది), డ్రైనేజీ, ట్రాఫిక్, అగ్నిమాపక విభాగాలు ఒకరి తరువాత ఒకరు కాక ఏకకాలంలో ఫైలును చూసే పద్ధతి వస్తోంది. ఈ పద్ధతిలో అసంపూర్ణమైన ఫైలు మరింత నష్టం చేస్తుందని చాలామంది గ్రహించరు. వాననీటి కాలువ ఎక్కడ వస్తుందో చూపకుండా దాఖలు చేశారనుకోండి: దానిని చేర్చగానే వాహనాల దారి జరుగుతుంది, దారి జరిగితే అగ్నిమాపక వాహనం తిరిగే స్థలం మారుతుంది, దానితో పార్కింగ్ లెక్క తప్పుతుంది, అప్పటికే తమ పరిశీలన ముగించిన వారందరూ మళ్లీ మొదటినుంచి చూడవలసి వస్తుంది.

నాలుగోసారి ఫైలు తిరిగివచ్చిన ఒక యజమానురాలు, మా కార్యాలయానికి తనపై ఏదో కక్ష ఉన్నదని నమ్మి, కన్నీళ్లతో నా ఎదుట కూర్చున్నారు. ఫైలు తెరిచి చూస్తే సైట్ ప్లాన్‌లో ప్రవేశద్వారం తూర్పున ఉంది, డ్రైనేజీ ప్లాన్‌లో దక్షిణాన ఉంది. రెండు ప్లాన్లూ వేర్వేరు రివిజన్లకు, అంటే వేర్వేరు సవరణ ప్రతులకు, చెందినవన్న మాట. నాలుగుసార్లూ మేము ఆ వైరుధ్యాన్నే రాశాము, కానీ మా భాష ఆమెకు అర్థమయ్యేలా లేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉందని ఒప్పుకోవాలి. ఐదోసారి ఆమె డిజైనరు ప్రతి అభ్యంతరానికీ షీటు సంఖ్యతో సమాధానం రాసి, మార్చిన చోట గీత చుట్టి పంపారు. అభ్యంతరాలేవీ మిగలలేదు.

అపోహ: ప్రక్రియను సరళం చేయడమంటే నిబంధనలను సడలించడమే.

వాస్తవం: కాదు. తగ్గేది నిరీక్షణ, పునరావృతం. నిర్మాణ అనుమతుల కోసం సింగపూర్ 2023లో ప్రారంభించిన కోరెనెట్ ఎక్స్ విధానంలో ప్రభుత్వ సంస్థలు డిజైన్, నిర్మాణం, పూర్తి అనే మూడు ప్రధాన దశలలో కలసి సమీక్షిస్తాయి. భద్రతా ప్రమాణాలు మాత్రం ఉండవలసిన చోటే ఉన్నాయి.

అపోహ: గడువు దాటితే అనుమతి వచ్చినట్లే, ఇక కట్టుకోవచ్చు.

వాస్తవం: పైన చెప్పిన కాలిఫోర్నియా చట్టంలోనూ, గడువు దాటితే అనుమతి వచ్చినట్లు భావించే హక్కు ప్రజలకు నోటీసు ఇవ్వనిదే వర్తించదు. పైగా అది ప్రణాళికా అనుమతికి సంబంధించినది. నిర్మాణ పర్మిట్ వేరు.

అపోహ: ఫైలును కదిలించగల మనిషి తెలిసి ఉండాలి.

వాస్తవం: ఈ వదంతికి సమాధానం చెప్పి అలసిపోయాను. ఎవరు కదిలించినా, లేని షీటు ఫైలులోకి నడిచి రాదు.

మీరు కలవవలసినది దాఖలుకు ముందు జరిగే సంప్రదింపు సమావేశంలో పరిశీలకులను. డిజైన్ ఖరారు కాకముందే, చిత్తు స్కెచ్‌తోనే రండి. అక్కడ చెప్పిన విషయాలను రాతపూర్వకంగా తీసుకుని దరఖాస్తుకు జతచేయండి. మీ ఫైలు వచ్చే నాటికి ఆ కుర్చీలో మరొక పరిశీలకుడు ఉండవచ్చు.