ఎంఎస్ అప్లికేషన్లో రికమెండర్ వివరాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసే పిల్లల అప్లికేషన్లు చూడటమే నా పని. ఎస్‌ఓపీకి (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసానికి) నెలలు పెట్టేవాళ్లు కూడా రికమెండర్ల, అంటే తమ గురించి సిఫారసు లెటర్ రాసే సార్ల వివరాలు చివరి రాత్రి హడావుడిగా నింపేస్తారు. చాలా యూనివర్సిటీలు మూడు లెటర్లు అడుగుతాయి. లెటర్ పంపే లింక్ సార్ మెయిల్‌కే వెళ్తుంది కాబట్టి, అవి రావడం, రాకపోవడం మీరు అక్కడ టైప్ చేసిన మెయిల్ ఐడీ మీదే ఉంటుంది.

అపోహ: సార్ జీమెయిల్ ఐడీ ఇస్తే చాలు.

వాస్తవం: కాలేజీ డొమైన్‌తో ఉన్న ఐడీ ఉంటే అదే ఇవ్వాలి. లెటర్ నిజంగా ఆ ప్రొఫెసరే పంపారని నమ్మడానికి యూనివర్సిటీకి అది ఆధారం. సొంత మెయిల్ ఐడీలు వద్దని కొన్ని యూనివర్సిటీలు ముందే చెప్పేస్తాయి. చిక్కేమిటంటే, మన దగ్గర కాలేజీ మెయిల్ తెరిచి చూడని సార్లు కూడా ఉంటారు. అందుకే ఐడీ తీసుకుని ఊరుకోకండి. దానికి మీరే ఒక మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే పోర్టల్లో ఎక్కించండి. సార్‌కి కాలేజీ ఐడీ అసలు లేకపోతే ఆ సంగతి అడ్మిషన్స్ ఆఫీసుకు ముందే రాసి, ఏం చేయమంటారో అడగండి.

అపోహ: సార్ బిజీగా ఉంటే ఆయన పేరుతో మనమే ఐడీ తెరిచి లెటర్ పెట్టేయొచ్చు, అందరూ చేసేదే.

వాస్తవం: అది మోసం. బయటపడితే అప్లికేషన్ పోతుంది, అడ్మిషన్ వచ్చాక తెలిసినా రద్దు చేయొచ్చు. మీ అప్లికేషన్, సార్ లెటర్ ఒకే కంప్యూటర్ నుంచి వచ్చాయంటే అనుమానం రావడం ఖాయం. కన్సల్టెన్సీ వాళ్లు "అదంతా మేం చూసుకుంటాం" అన్నా ఒప్పుకోకండి. వివరాలన్నీ నిజమేనని అప్లికేషన్ చివర ఒప్పుకుంటూ సంతకం పెట్టేది మీరు, వాళ్లు కాదు.

అపోహ: పేరు ఎలా రాసినా ఒకటే.

వాస్తవం: మన పేర్లతో వచ్చే తికమక ఇక్కడే. ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టే అలవాటు మనది. దాంతో ఫస్ట్ నేమ్ గడిలో "డాక్టర్ కె" అని, లాస్ట్ నేమ్‌లో అసలు పేరు పెట్టేస్తారు. డాక్టర్ అన్నది ప్రిఫిక్స్ గడిలోకి, పూర్తి ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లోకి వెళ్లాలి. లెటర్ కింద సార్ పేరు ఎలా రాస్తారో అడిగి, అదే స్పెల్లింగ్ వాడండి. హోదా కూడా అంతే. అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని ప్రొఫెసర్ చేయకండి. మీ ప్రాజెక్ట్ గైడ్‌ని పక్కనపెట్టి, మిమ్మల్ని గుర్తుపట్టలేని హెచ్‌ఓడీ పేరు ఇవ్వడం ఇంకా పెద్ద పొరపాటు.

అపోహ: లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని అప్లికేషన్లో అడుగుతారు, వదులుకుంటే నష్టం.

వాస్తవం: విద్యార్థుల రికార్డులకు సంబంధించిన 1974 నాటి అమెరికా చట్టం ఫెర్పా ప్రకారం ఆ హక్కు ఆ యూనివర్సిటీలో చేరిన విద్యార్థికే ఉంటుంది. మీరు చూడరని తెలిస్తే సార్ మొహమాటం లేకుండా రాస్తారు, అడ్మిషన్ల కమిటీ కూడా ఆ లెటర్‌ని ఎక్కువ నమ్ముతుంది. వదులుకోమనే నా సలహా.

అపోహ: సబ్మిట్ కొట్టాకే సార్‌కి లింక్ వెళ్తుంది.

వాస్తవం: పోర్టల్‌ని బట్టి మారుతుంది. చాలాచోట్ల వివరాలు సేవ్ చేసి పంపగానే వెళ్తుంది, కొన్నిచోట్ల సబ్మిట్ అయ్యాకే. కాబట్టి సార్ ఒప్పుకోకముందే పేరు ఎక్కించకండి. గడువు టైమ్ కూడా చూసుకోండి: ఉదాహరణకు డిసెంబర్ 15 రాత్రి 11:59, ఈస్టర్న్ టైమ్ (అమెరికా తూర్పు తీరం టైమ్) అని ఉంటే మనకు 16 ఉదయం 10:29. లింక్ వెళ్లిన రోజే యూనివర్సిటీ పేరు, ఆఖరి తేదీ సార్‌కి వాట్సాప్ చేసి, స్పామ్ ఫోల్డర్ కూడా ఒకసారి చూడమనండి.