ధాన్యం లేని కేకుకు ఏ పిండి?

గ్లూటెన్ (గోధుమ వంటి గింజల్లోని సాగే ప్రొటీన్) లేని పిండి వేరు, ధాన్యం లేని పిండి వేరు. బియ్యం, జొన్న, రాగి, కొర్రల్లో గ్లూటెన్ ఉండదు గానీ అవన్నీ గడ్డి జాతి గింజలు, అంటే ధాన్యాలే. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారు మానాల్సింది గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలు. గోధుమపిండి కలవని జొన్నరొట్టె వారికి పడుతుంది. ధాన్యం పూర్తిగా మానేసి కేకో, బ్రెడ్డో చేసుకోవాలనుకునేవారికి మిగిలేవి బాదం, కొబ్బరి, కర్రపెండలం, శనగ వంటివి. వీటిలో ఏది ఆరోగ్యానికి మంచిదో చెప్పాలంటే ముందు వాటిలో ఏముందో చూడాలి. బాదంలో సగం కొవ్వు. కొబ్బరి పిండిలో మూడో వంతుకు పైగా పీచు. కర్రపెండలం పిండిలో దాదాపు అంతా స్టార్చే.

మైదా తడవగానే అందులోని గ్లియాడిన్, గ్లుటెనిన్ ప్రొటీన్లు కలిసి సాగే వలలా అల్లుకుంటాయి, అదే గ్లూటెన్. వంటసోడా విడిచిన గ్యాసు అందులో చిక్కి కేకు పొంగుతుంది. ఆ వల లేనప్పుడు గ్యాసును పట్టి ఉంచే పని గుడ్డు, ఇసబ్‌గోల్ పొట్టు చేయాలి. మైదా తీసేసి అంతే కొలతలో మరో పిండి వేస్తే కేకు కూలిపోయేది అందుకే. కొలత కూడా గ్రాముల్లోనే చూసుకోవాలి. కప్పు మైదా సుమారు 125 గ్రాములు తూగితే, కప్పు బాదం పిండి 100 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి బాదం పిండే మేలు. 100 గ్రాముల్లో 20 గ్రాములకు పైగా ప్రొటీన్, 10 గ్రాములకు పైగా పీచు ఉంటాయి, చక్కెర తక్కువ. కానీ కేలరీలు 580 దాకా ఉంటాయి, మైదాలో 360 ప్రాంతం. పైగా ధాన్యం లేదు కదా అని పావు కిలో బెల్లం గుమ్మరిస్తే పిండి మార్చి ప్రయోజనం లేదు. ఇంట్లో పట్టుకునేటప్పుడు పొట్టు తీసి బాగా ఆరబెట్టిన పప్పును కొద్దికొద్దిగా, ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. బాదం పిండి త్వరగా ఎర్రబడుతుంది కాబట్టి ఓవెన్ 180 బదులు 160 డిగ్రీల దగ్గర పెట్టాలి. కొవ్వు ఎక్కువ కావడంతో బయట ఉంచితే నూనె చెడిన వాసన వస్తుంది. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి.

కొబ్బరి పిండి దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ఎండుకొబ్బరి పొడి, కొబ్బరి పిండి ఒకటి కావు. ఎండుకొబ్బరిలో 60 శాతానికి పైగా నూనె ఉంటుంది. పాలు పిండేశాక మిగిలిన పిప్పిని ఆరబెట్టి మెత్తగా పట్టిందే కొబ్బరి పిండి. ఇంట్లో అయితే ఆ పిప్పిని ఓవెన్‌లో 70-80 డిగ్రీల దగ్గర, మధ్యమధ్య కలుపుతూ, గలగలలాడేదాకా ఆరనిచ్చి పట్టుకోవచ్చు. ఇది నీటిని విపరీతంగా పీల్చుకుంటుంది. మైదా చెప్పినచోట పావు నుంచి మూడో వంతు చాలు. 30 గ్రాములకు ఒక గుడ్డు, మరికాస్త పాలో పెరుగో కావాలి. కలిపాక పది నిమిషాలు వదిలేసి, గట్టిపడ్డాకే ఇంకా తడి కావాలో లేదో తేల్చుకోవాలి.

కర్రపెండలంలో దుంప మొత్తాన్ని ఎండబెట్టి పట్టింది ఒకరకం, స్టార్చ్ మాత్రమే తీసింది మరోరకం. పెద్దాపురం, సామర్లకోట మిల్లుల సగ్గుబియ్యం ఈ రెండోదే. స్టార్చ్ వేడికి నీరు పీల్చి జిగురవుతుంది కాబట్టి పొడిపొడిగా రాలే బాదం కేకును పట్టి ఉంచుతుంది. పావు వంతు దాటితే మాత్రం లోపల సాగుతూ ఉడకనట్టు ఉంటుంది. పీచు, ప్రొటీన్ లేకపోవడంతో రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది, షుగర్ ఉన్నవారు లెక్క చూసుకోవాలి. పచ్చి దుంపలో సయనైడ్ విడిచే పదార్థం ఉంటుంది. అందుకే ఇంట్లో పిండి పట్టే ప్రయత్నం వద్దు.

శనగపిండి చవక, ప్రొటీన్ 20 శాతానికి పైనే. పచ్చి వాసన పోవాలంటే సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. తీపి కేకు కంటే వాము, ఉల్లికాడలు వేసిన కారపు రొట్టెకే ఇది నప్పుతుంది.

ధాన్యం లేని సాదా బ్రెడ్డుకు కొలత ఇది: బాదం పిండి 200 గ్రాములు, కర్రపెండలం స్టార్చ్ 60, ఇసబ్‌గోల్ పొట్టు 10, గుడ్లు 4, పెరుగు 100 గ్రాములు, సోడా అర టీస్పూను, ఉప్పు తగినంత. సోడాకు పులుపు కావాలి, పెరుగు అందుకే. పొడి పదార్థాలు జల్లించి, గిలకొట్టిన గుడ్లు, పెరుగు కలిపి, చిన్న బ్రెడ్ టిన్నులో పోసి 165 డిగ్రీల దగ్గర 45-50 నిమిషాలు కాల్చాలి. పైన ముందే ఎర్రబడితే రేకు కప్పాలి. పూర్తిగా చల్లారకముందు కోస్తే లోపల బంకగా కనిపిస్తుంది, స్టార్చ్ ఇంకా బిగుసుకోలేదన్నమాట. ఇసబ్‌గోల్ వల్ల లోపల కొంచెం ఊదారంగు వస్తే కంగారు పడక్కర్లేదు. బాదం పడనివారు పొద్దుతిరుగుడు పప్పు పిండి వాడితే, సోడా తగిలి పచ్చరంగు రావచ్చు. అదీ హాని చేయదు.

బేకింగ్ పౌడర్ కొనేముందు డబ్బా వెనక చూడాలి, చాలావాటిలో మొక్కజొన్న స్టార్చ్ ఉంటుంది, మొక్కజొన్నా ధాన్యమే. సీలియాక్ ఉన్న ఇంట్లో అయితే శనగపిండిని గోధుమలు ఆడే మరలో పట్టించకూడదు. కారపు రొట్టెలో వేసే పొడి ఇంగువలోనూ చాలాసార్లు మైదా కలుస్తుంది.