గంజాయి తనిఖీ: నలుగురు చాలరా?

వరంగల్ చుట్టుపక్కల ఎక్సైజ్‌లో డ్యూటీ చేస్తున్నాను. పెళ్లికి పోయినా, చావుకు పోయినా నా చెవిన పడే మాటలివి.

అపోహ: వరంగల్‌కు సరిహద్దెక్కడిది? అదంతా పోర్టుల్లో కస్టమ్స్‌వాళ్లు చూసుకుంటారు.

వాస్తవం: గంజాయి ఓడ ఎక్కి రాదు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల నుంచి భద్రాచలం మీదుగా రోడ్డున, విశాఖ వైపు నుంచి కోణార్క్ లాంటి రైళ్లలో మన ఊరు దాటుకునే హైదరాబాద్‌కు, మహారాష్ట్రకు పోతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద కస్టమ్స్‌తో పాటు ఎక్సైజ్‌వాళ్లు, పోలీసులు కూడా సోదా చేయొచ్చు. చెక్‌పోస్టులు ఉన్నాయి కదా అంటారు. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు 2017 జూలైలో జీఎస్టీ రాగానే ఎత్తేశారు.

అపోహ: రోడ్డు మీద నలుగురు నిలబడితే చాలు.

వాస్తవం: షిఫ్టుకు నలుగురంటే మూడు షిఫ్టులకు పన్నెండు మంది. వారం సెలవులు, జ్వరాలు, కోర్టు వాయిదాలు కలుపుకుంటే పదహారు మంది లేనిదే ఆ నలుగురు నిలబడరు. వాళ్లలో ఒక మహిళ ఉండి తీరాలి. ఆడవాళ్ల ఒంటి సోదా ఆడవాళ్లే చేయాలని ఆ చట్టం 50వ సెక్షన్ చెబుతోంది.

ఒక చలికాలపు రాత్రి కారు వెనక సీటు ఎత్తితే బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, గుప్పున వాసన. ఒంటి సోదాకు ముందు, గెజిటెడ్ అధికారి ఎదుట గానీ మేజిస్ట్రేట్ ఎదుట గానీ చేయించుకునే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పాలి. సోదాకు సాక్షులుగా మధ్యవర్తులు రావాలి. తూకం, సీలు, పంచనామా. తెల్లారే దాకా నలుగురం ఆ ఒక్క బండి దగ్గరే. పక్కనుంచి లారీలు పోతూనే ఉన్నాయి. టీ కొట్టు పెద్దాయన అడిగాడు: "సారూ, రాత్రి సంది గీ ఒక్క బండి కాడ్నే ఉన్నరు. కడమయి ఎవలు జూస్తరు?" ఏం చెప్పాలో తోచలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అపోహ: జాగిలాలు, స్కానర్లు వస్తే మనుషులతో పని లేదు.

వాస్తవం: జాగిలం వాసన పడుతుంది, పంచనామా రాయదు.

అపోహ: పట్టుకుంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలు. 20 కిలోలు దాటితే శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. అందుకే కోర్టు ప్రతి సంతకాన్నీ పట్టి చూస్తుంది. 52ఏ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఎదుట జాబితా, శాంపిళ్లు తీయించాలి. ఎక్కడ తప్పు దొర్లినా కేసు వీగిపోవచ్చు. ఏళ్ల తర్వాత సమన్లు వస్తే, అప్పటికి బదిలీ అయిన కానిస్టేబుల్ అక్కడి డ్యూటీ వదిలి సాక్ష్యానికి రావాలి. ఆ రోజు అక్కడా ఒకరు తక్కువే.

మీ కంట ఏదైనా పడితే మాదకద్రవ్యాల జాతీయ హెల్ప్‌లైన్ 1933కు ఫోన్ చేయండి. బండి నంబరు, రంగు, ఏ వైపు పోతోందో చెప్పండి. అది ఉంటే నూరు బండ్లు ఆపాల్సిన చోట మేం ఒక్కటే ఆపుతాం.