కొత్త కంప్యూటర్‌కి మారుతున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

కొత్త కంప్యూటర్ కొన్నవాళ్ళు నాకు ఫోన్ చేసేది రెండు సందర్భాల్లో. కొందరు డబ్బా విప్పక ముందే చేస్తారు. మిగతావాళ్ళు పాతదాన్ని ఫార్మాట్ కొట్టి ఎవరికో ఇచ్చేశాక చేస్తారు. మొదటివాళ్ళ పని ఒక సాయంత్రంలో తేలిపోతుంది. రెండోవాళ్ళు "ఫోటోలన్నీ వచ్చాయండీ, కానీ..." అని మొదలుపెట్టగానే ఆ 'కానీ' తర్వాత ఏం వినాల్సి వస్తుందోనని నాకే టెన్షన్. ఆ 'కానీ' ఎక్కడెక్కడ పుడుతుందో ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా విండోస్ గురించే చెబుతాను.

అపోహ: ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే సాఫ్ట్‌వేర్లన్నీ వచ్చేస్తాయి.

వాస్తవం: ఫోల్డర్ వస్తుంది, ప్రోగ్రామ్ రాదు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏ పెద్ద ప్రోగ్రామూ ఒక్కచోటే సర్దుకోదు. అసలు ఫైళ్ళు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, సెట్టింగులు రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులన్నీ రాసుకునే చోటు), మీ సొంత వివరాలు యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో, ప్రోగ్రామ్‌లు పంచుకునే డీఎల్ఎల్ ఫైళ్ళు, పరికరాలను నడిపించే డ్రైవర్లు కొన్ని విండోస్ ఫోల్డర్‌లో చేరతాయి. అందులో ఒక ముక్కే మోసుకెళ్తే కొత్తచోట అది లేవదు. ఇన్‌స్టాల్ అవసరం లేని పోర్టబుల్ ప్రోగ్రామ్‌లు మాత్రం కాపీ చేసినా పనిచేస్తాయి. మ్యాక్ నుంచి మ్యాక్‌కి మారేవాళ్ళకి మైగ్రేషన్ అసిస్టెంట్ అనే టూల్ యాప్‌లను కూడా తెచ్చిపెడుతుంది. విండోస్‌లో ఒకప్పుడు ఈజీ ట్రాన్స్‌ఫర్ అనే అలాంటి టూల్ ఉండేది. అది కూడా ఫైళ్ళు, సెట్టింగులే తెచ్చేది, ప్రోగ్రామ్‌లు కాదు. విండోస్ 10 నుంచి అదీ లేదు.

కాబట్టి ప్రోగ్రామ్‌లను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. ముందు పాతదాంట్లో ఏమేం ఉన్నాయో జాబితా రాసుకోండి. డబ్బు పెట్టి కొన్నవాటికి లైసెన్స్ కీ ఎక్కడుందో, ఏ ఈమెయిల్‌తో కొన్నారో చూసుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు పాత మెషీన్‌లో లైసెన్స్ వదులుకుంటేనే కొత్తదాంట్లో తెరుచుకుంటాయి. పాతది ఆన్ అవుతున్నప్పుడే ఆ డీయాక్టివేషన్ చేసేయండి. బాగా పాత 16 బిట్ ప్రోగ్రామ్‌లైతే 64 బిట్ విండోస్‌లో అసలు నడవవు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో.

అపోహ: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫోటోలు తెచ్చుకుంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరిగాయి. ఒక చిన్న ఆఫీసు వాళ్ళు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డీ డ్రైవ్ మొత్తం జాగ్రత్తగా తెచ్చుకున్నారు. లెక్కల సాఫ్ట్‌వేర్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి తెరిస్తే ఖాళీ. ఏడేళ్ళ లెక్కలు. డేటా అంతా సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్‌లో ఉంది. అది మామూలుగా కంటికి కనిపించదు. అదృష్టం బాగుండి పాత మెషీన్ ఇంకా మూలనే ఉంది, పది నిమిషాల్లో డేటా దొరికింది. ఆ ఆఫీసాయన ముఖంలోకి రంగు తిరిగి రావడం నాకింకా గుర్తే.

అందుకే ముఖ్యమైన ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ తెరిచి, అది డేటా ఎక్కడ దాస్తోందో సెట్టింగుల్లో చూడండి. దానికి సొంత బ్యాకప్ బటన్ ఉంటే అదే వాడండి. అవుట్‌లుక్‌లో మెయిళ్ళు దాచే పీఎస్‌టీ ఫైల్ తీసుకెళ్తే కొత్తదాంట్లో తెరుచుకుంటుంది. ఓఎస్‌టీ అలా కాదు, అది సర్వర్‌లో ఉన్న మెయిల్‌కి నకలు మాత్రమే, ఖాతా మళ్ళీ కలిపితే కొత్తగా తయారవుతుంది. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లకు పాత విండోస్ ఖాతాతో ముడిపడ్డ తాళం ఉంటుంది. ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేసినా అవి తెరుచుకోవు, గూగుల్ ఖాతాతో సింక్ చేసుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రొఫైల్ ఫోల్డర్‌తో పాటే వచ్చేస్తాయి. కంప్యూటర్‌లోనే ఉన్న డిజిటల్ సంతకాన్ని ప్రైవేట్ కీతో సహా ఎక్స్‌పోర్ట్ చేయాలి, పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటే ఆ బాధ లేదు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాని ఫాంట్లతో టైప్ చేసిన పాత ఫైళ్ళుంటే ఆ ఫాంట్లు కూడా వెంట తెచ్చుకోండి. లేకపోతే మీ అక్షరాల చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి.

అపోహ: వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నిల్వ) ఫోల్డర్‌లో కనిపిస్తున్నాయంటే ఫైళ్ళు కంప్యూటర్‌లో ఉన్నట్టే.

వాస్తవం: పక్కన మేఘం గుర్తు ఉంటే అక్కడున్నది పేరే, ఫైల్ కాదు. ప్రాపర్టీస్‌లో 'సైజ్ ఆన్ డిస్క్' సున్నా చూపిస్తుంది. నెట్ ఉన్నప్పుడు కాపీ చేస్తే డౌన్‌లోడ్ అవుతూ వస్తాయి. హార్డ్‌డిస్క్ విప్పి వేరే మెషీన్‌కి తగిలిస్తే మాత్రం తెరుచుకోవు. ఇంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. కొత్తదాంట్లోకి అన్నీ వచ్చేశాయి కదా అని పాతదాంట్లో వన్‌డ్రైవ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే, అవి క్లౌడ్‌లోనూ, కొత్త కంప్యూటర్‌లోనూ కూడా పోతాయి. సొంత ఖాతాల్లో రీసైకిల్ బిన్ గడువు 30 రోజులే. దయచేసి ముందు పాత కంప్యూటర్‌ని ఆ ఖాతా నుంచి అన్‌లింక్ చేయండి, తర్వాతే ఏదైనా చెరపండి.

అపోహ: ఏముంది, పాత హార్డ్‌డిస్క్ తీసి కొత్తదానికి తగిలిస్తే సరి.

వాస్తవం: డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వగానే ఈ తాళం (ఎన్‌క్రిప్షన్) దానంతటదే ఆన్ అవుతుంది, కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. పాతది నడుస్తున్నప్పుడే ఆ కీ చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. కీ దొరక్కపోతే ఆ డిస్క్‌లోని డేటాని నేనే కాదు, ఎవరూ తీయలేరు.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో చోటుంటే ఎంత పెద్ద ఫైలైనా పడుతుంది.

వాస్తవం: పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి ఫార్మాట్ చేయండి. ఇంకో మాట, కట్ పేస్ట్ వద్దు, కాపీయే చేయండి. అయ్యాక రెండువైపులా ఫైళ్ళ సంఖ్య, సైజు సరిపోయాయో చూసుకోండి.

అపోహ: ఫార్మాట్ కొడితే పాతదాంట్లో ఏమీ మిగలదు.

వాస్తవం: మామూలు హార్డ్‌డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ కొడితే పోయేది ఫైళ్ళ చిరునామాలే. వాటి మీద వేరేది రాసేదాకా రికవరీ సాఫ్ట్‌వేర్ వాటిని వెనక్కి తేగలదు. వేరేవాళ్ళకి ఇచ్చే ముందు రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, ఛేంజ్ సెట్టింగ్స్‌లో క్లీన్ డేటా ఆన్ చేయండి. గంటలు పట్టినా పట్టనీయండి.

కానీ అది వెంటనే వద్దు. కనీసం ఒక నెల ఆగండి. నెలాఖరు రిపోర్టు కొత్తదాంట్లోంచి ఒకసారి ప్రింట్ తీయండి. అరుదుగా వాడే స్కానర్‌ని ఒకసారి కలిపి చూడండి. ఎప్పుడో గానీ ముట్టని ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరవండి. అప్పటిదాకా పాత కంప్యూటర్‌ని, దాని ఛార్జర్‌తో సహా, పక్కన పెట్టి ఉంచండి.