చిప్పు అడ్రస్ ఎవరు చెప్పాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు వెతకడం తేలిక. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఊరికి కొత్తవాళ్లు కూడా ఆ మూలకి చేరిపోతారు. కానీ అక్కడ ఉండేది డాక్టరా, లాయరా అన్నది ఆ నంబరు చెప్పదు. గుమ్మం పక్కన పేరు రాసి ఉండాలి. చిన్న కంప్యూటర్ బోర్డులకి ఫర్మ్‌వేర్, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రామ్, రాసేవాళ్లకి ఎదురయ్యే చిక్కు ఇదే.

యూఎస్‌బీ మౌస్ తగిలిస్తే తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు తానే చెప్పుకుంటుంది. ఐటూసీ అనే రెండు తీగల దారి మీద కూర్చునే చిప్పులకి ఆ అలవాటు లేదు. డీఎస్1307 అనే గడియారం చిప్పు అడ్రస్ హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల లెక్కలో) 68. కదలికలు కొలిచే ఎంపీయూ6050 సెన్సర్‌కి కూడా మామూలుగా ఉండేది 68 నంబరే. ఫర్మ్‌వేర్ తలుపు తడితే లోపలి నుంచి పలుకు వస్తుంది. పలికింది ఎవరో తెలియదు.

అందుకే ఎవరో ఒకరు రాసిపెట్టాలి. చాలాకాలం ఆ వివరాలను ప్రోగ్రామ్‌లోనే రాసేవారు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న బోర్డులు పెరిగేకొద్దీ ఒక్కో బోర్డుకి ఒక్కో సీ భాష ఫైలు చేరుతూ పోయింది. 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ గందరగోళం మీద గట్టిగానే విసుక్కున్నారు. నిజానికి దారి అప్పటికే ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ కంప్యూటర్లలో మొదలై, 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణంగా వచ్చిన ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో హార్డ్‌వేర్‌ని చెట్టు కొమ్మల్లా వర్ణించే పద్ధతి ఉండేది. పవర్‌పీసీ అనే మరో రకం ప్రాసెసర్ల మీద నడిచే లైనక్స్ దాన్ని వాడుతూనే ఉంది. అదే డివైస్ ట్రీ. ఆర్మ్ కూడా ఆ దారికి వచ్చాక, 2012 డిసెంబరులో విడుదలైన లైనక్స్ 3.7 నుంచి ఒకే కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్పుల మీద బూట్ అవడం మొదలైంది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. బోర్డు మీద ఏ దారిలో, ఏ అడ్రస్‌లో, ఏ చిప్పు ఉందో మామూలు టెక్స్ట్ ఫైలులో రాస్తాం. డీటీసీ అనే కంపైలర్ దాన్ని చిన్న బైనరీగా మారుస్తుంది. బోర్డు ఆన్ కాగానే కెర్నల్‌ని ఎక్కించే బూట్‌లోడర్ ఆ బైనరీని మెమరీలో పెట్టి, ఎక్కడ పెట్టిందో కెర్నల్‌కి చెబుతుంది. ప్రతి చిప్పు వివరంలో ‘కంపాటిబుల్’ అనే లైను ఉంటుంది. గుమ్మం పక్కన పేరు బోర్డు అదే. దాన్ని చూసే కెర్నల్ సరైన డ్రైవర్‌ని, అంటే ఆ చిప్పుని నడిపే ప్రోగ్రామ్‌ని, పిలుస్తుంది.

దీని విలువ నాకు బాగా తెలిసింది ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. ఉష్ణోగ్రత నమోదు చేసే బోర్డు పెట్టాం. రీడింగులు బాగున్నాయి, టైము మాత్రం రోజురోజుకీ వెనకబడుతోంది. కారణం చలి. డీఎస్1307కి తగిలించే 32,768 హెర్ట్జ్ క్వార్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది, చల్లబడితే నెమ్మదిస్తుంది. 5 డిగ్రీల్లో రోజుకి సుమారు ఒక సెకను పోతుంది. సరుకు నెలల తరబడి ఉండే చోట అది చిన్న తేడా కాదు. ఉష్ణోగ్రతని బట్టి తానే సర్దుకునే డీఎస్3231 తెచ్చి పెట్టాం. దాని అడ్రస్ కూడా 68. డివైస్ ట్రీలో మార్చింది కంపాటిబుల్ లైను ఒక్కటే. కెర్నల్‌ని ముట్టుకోలేదు. ఈ రెండు చిప్పుల్నీ నడిపేది ఒకే డ్రైవర్, పేరుని బట్టి తన తీరు మార్చుకుంటుంది.

మరీ చిన్న మైక్రోకంట్రోలర్లలో ఆ బైనరీకి కూడా చోటు కష్టం. జెఫైర్ లాంటి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లు డివైస్ ట్రీని ప్రోగ్రామ్ తయారయ్యే (బిల్డ్) సమయంలోనే చదివి సీ మాక్రోలుగా, అంటే ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయే విలువలుగా, మార్చేస్తాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణం. రాసింది తప్పైతే కెర్నల్ దాన్నే నమ్ముతుంది. ఫైలు నియమాల ప్రకారం ఉందో లేదో చూసే స్కీమా పరీక్షలు రాత పద్ధతిలోని తప్పులు పట్టుకుంటాయి, బోర్డు మీద ఏ చిప్పు అతికించారో వాటికి కనబడదు. 68లో కదలికల సెన్సర్ ఉంటే, మనం గడియారం అని రాస్తే, డ్రైవర్ ఆ సెన్సర్ రిజిస్టర్లనే (విలువలు దాచే గదులనే) గంటలు, నిమిషాలుగా చదవబోతుంది. అందుకే నేను ఫైలు మొదలుపెట్టే ముందు భూతద్దం తీసి చిప్పు మీది అక్షరాలు చదువుతాను.